చల్లని నీరు, ఎర్రని నెత్తురు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగపాఠం)



జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని సాధారణంగా పాఠశాల చరిత్రను చదువుతుంది. ఆ చరిత్రను ఈ సంచికలోనే నాకంటె పెద్దలు, నాకంటె బాగా వ్రాశారు. అందుచేత మూడు దశాబ్దాలుగా నల్లబల్ల ముందు నిలిచి చేస్తున్న పనినే ఈ వేదిక మీద కూడా చేయదలచాను. ఒక పాఠం చెబుతాను. విషయం చల్లని నీటిలో బ్రతికే చేపల నెత్తురు, అందులోని హీమోగ్లోబిన్. ‘ఉత్సవవేళ ఈ చేపల గొడవ ఏమిటి?’ అని పెద్దలు నవ్వుకోవచ్చు. ఈ పాఠం వెనుక నేను తీర్చుకోవలసిన ఋణం ఒకటి ఉన్నది. దానిని చివర మనవి చేసుకొంటాను.

విజ్ఞానశాస్త్రం ఈ నేలకు కొత్త చుట్టం కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు మన ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోని ఏజెన్సీ భాగం. జయపురం మహారాజు విక్రమదేవవర్మ గారు ఒడియా, తెలుగు భాషలు రెండింటిలోను పండితులు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో విజ్ఞానశాస్త్ర బోధనకు భూరి విరాళమిచ్చిన దాత. అక్కడి సైన్సు కళాశాల ఆయన పేరును ధరించినది. ఆ వదాన్యత పుట్టిన నేల మీద నిలిచి ఒక సైన్సు పాఠం చెప్పడం అపచారం కాదని నమ్ముతున్నాను.

ముందుగా హీమోగ్లోబిన్ అంటే ఏమిటో చూద్దాం. మన నెత్తురుకు ఎరుపునిచ్చే ప్రోటీను ఇది. ఒక్కొక్క ఎర్ర రక్తకణంలో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులుంటాయి. ఒక్కొక్క అణువులో నాలుగు గొలుసులు: రెండు ఆల్ఫా, రెండు బీటా. మనిషిలో ఆల్ఫా గొలుసు 141 అమైనో ఆమ్లాల పేర్పు, బీటా గొలుసు 146 అమైనో ఆమ్లాల పేర్పు. ప్రతి గొలుసు మడతల నడుమ హీమ్ అనే చిన్న పళ్ళెం, ఆ పళ్ళెం మధ్యలో ఒక ఇనుప పరమాణువు ఉంటాయి. ఆ ఇనుమే ప్రాణవాయువును పట్టుకొంటుంది. నాలుగు పళ్ళేలు గనుక నాలుగు ప్రాణవాయు అణువులు పడతాయి. ఈ నిర్మాణాన్ని ఎక్స్ కిరణాల సాయంతో ఏళ్ళ తరబడి శ్రమించి వెల్లడించిన మాక్స్ పెరూట్జ్‌కు, మయోగ్లోబిన్ నిర్మాణాన్ని తేల్చిన జాన్ కెండ్రూకు కలిపి 1962లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

ఈ నాలుగు గొలుసులు ఒకదానితో ఒకటి ముచ్చటించుకొంటాయి. మొదటి పళ్ళెంలో ప్రాణవాయువు చేరగానే తక్కినవాటి పట్టు పెరుగుతుంది. ఒకటి విడిచిపెట్టగానే తక్కినవి కూడా వదలడానికి సిద్ధపడతాయి. ఊపిరితిత్తుల వద్ద గట్టిగా పట్టుకోవాలి, కండరాల వద్ద ఉదారంగా విడిచిపెట్టాలి. పట్టడమే తెలిసి విడవడం తెలియనిది మంచి హీమోగ్లోబిన్ కాదు. శ్రమించే కండరంలో బొగ్గుపులుసు వాయువు, ఆమ్లం పెరిగినప్పుడు ఈ పట్టు సడలుతుందని 1904లో క్రిస్టియన్ బోర్, ఆయన సహచరులు కనుగొన్నారు. పరమాణు శాస్త్రజ్ఞుడు నీల్స్ బోర్ ఈయన కుమారుడే.

ఇక చేపల వద్దకు వద్దాం. మనం గాలిని పీలుస్తాం. చేప నీటిలో కరిగిన ప్రాణవాయువును మొప్పలతో గ్రహిస్తుంది. సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక లీటరు మంచినీటిలో సుమారు 14.6 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద కరిగేది 7.5 మిల్లీగ్రాములే, అనగా ఇంచుమించు సగం. వేసవిలో చెరువు వేడెక్కినప్పుడు చేపలు పైకివచ్చి నోళ్ళు తెరవడం మీరందరూ చూసినదే. మన సంతలో బ్రతికియుండగానే అమ్మే కొర్రమీను ఆ ఇబ్బందికి తన మార్గం తాను వెదకుకొన్నది. అది నీటిపైకి వచ్చి నేరుగా గాలినే మింగుతుంది.

అయితే చల్లని నీటి చేపకు కష్టమే లేదా అంటే, ఉన్నది. హీమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకొన్నప్పుడు కొంత వేడి వెలువడుతుంది. అందుచేత చలి పెరిగినకొద్దీ పట్టు బిగుస్తుంది, వేడి పెరిగినకొద్దీ సడలుతుంది. మన నెత్తురు ఎప్పుడూ 37 డిగ్రీల వద్ద ఉంటుంది గనుక మనకు ఈ చిక్కు అంతగా తెలియదు. చేప నెత్తురు మాత్రం చుట్టూ ఉన్న నీటి చల్లదనాన్నే అనుసరిస్తుంది. మంచుకరిగిన నీటిలో మనవంటి హీమోగ్లోబిన్ ఉన్నచో మొప్పల వద్ద ప్రాణవాయువును పట్టుకొని కండరాల వద్ద విడవనే విడవదు. ధాన్యం నిండిన గాదెకు తాళం పడి ఇంటిల్లిపాదీ పస్తున్నట్లవుతుంది.

ఈ చిక్కును చల్లని నీటి చేపలు ఎట్లు విప్పుకొన్నాయి? వాటిలో అనేకం ఉష్ణోగ్రత మార్పుకు తొణకని హీమోగ్లోబిన్‌ను సమకూర్చుకొన్నాయి. ఇంద్రధనుస్సు ట్రౌట్ అనే చేపనే తీసుకోండి. ఆంగ్లేయుల కాలంలో ట్రౌట్ చేపలను విదేశాల నుండి తెచ్చి కాశ్మీరు, నీలగిరుల చల్లని ఏరులలో పెంచారు. ఈ ట్రౌట్ నెత్తురులో ఒకటి కాదు, అనేక రకాల హీమోగ్లోబిన్లు ఉన్నాయి. ఒక రకం ఉష్ణోగ్రతకు గాని ఆమ్లానికి గాని దాదాపు చలించదు. మరొక రకం ఆమ్లానికి ఎంతగా లోబడుతుందంటే, ఆమ్లం పెరిగినచోట పూర్తిగా నిండనే నిండదు. ఈ గుణాన్ని 1931లో రూట్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. చేప కడుపులోని గాలితిత్తిని నింపడానికి, కంటికి కావలసిన ప్రాణవాయువును అందించడానికి ఈ రకం తోడ్పడుతుంది. కాని ప్రవాహానికి ఎదురీది అలసినప్పుడు నెత్తురంతా ఆమ్లమవుతుంది. అప్పుడు ఈ రకం తడబడుతుంది, చలించనిది సంసారాన్ని నిలబెడుతుంది. ఒకే ఇంట సున్నిత స్వభావుడైన తమ్ముడు, నిదానస్థుడైన అన్న ఉన్నట్లన్నమాట. ఎవరి అవసరం వారికున్నది.

ఇంతకంటె విచిత్రమైన చేప దక్షిణధ్రువ సముద్రంలో ఉన్నది. అక్కడి ఉప్పునీరు సున్నాకు దిగువన, మైనస్ 1.9 డిగ్రీల వరకు చల్లబడుతుంది. 1927లో బూవే దీవి వద్ద నార్వే దేశపు జీవశాస్త్రజ్ఞుడు డిట్లెఫ్ రుస్టాడ్‌కు తెల్లని మొప్పలు గల చేప ఒకటి దొరికినది. దాని నెత్తురు నీళ్ళవలె వర్ణరహితం. 1954లో యొహాన్ రూద్ పరిశీలించి, ఈ జాతి చేపల నెత్తురులో హీమోగ్లోబిన్ లేనే లేదని ప్రకటించాడు. వెన్నెముక గల ప్రాణులలో పెరిగిన తరువాత కూడా హీమోగ్లోబిన్ లేకుండా బ్రతికేవి ఈ మంచుచేపలు మాత్రమే. వీటి నెత్తురు మోయగల ప్రాణవాయువు, హీమోగ్లోబిన్ గల బంధుజాతుల నెత్తురు మోసేదానిలో సుమారు పదవవంతు. అయినా బ్రతుకుతున్నాయి. నీటిలో ప్రాణవాయువు సమృద్ధి, చలివల్ల శరీరపు ఖర్చు తక్కువ, గుండె పెద్దది, నెత్తురు పరిమాణం ఎక్కువ, పొలుసులు లేని చర్మం గుండా కూడా కొంత ప్రాణవాయువు లోపలికి చేరుతుంది.

ఇదే మంచుచేపను మన నాగావళిలో విడిస్తే నిలువదు. అంతటి లోటుతోనూ దక్షిణధ్రువంలో లక్షల ఏండ్లుగా సంతానాన్ని వృద్ధి చేసుకొంటున్న ప్రాణి ఇక్కడ ఒక్క పూట బ్రతకదు. ఈ పాఠంలో నేను చెప్పదలచిన మాట ఒక్కటే. ఒక నెత్తురును మంచిదనో చెడ్డదనో విడిగా తీర్మానించలేము. ఆ నెత్తురుకు, అది బ్రతికే నీటికి పొంతన ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న.

ఇప్పుడు ట్రౌట్ ఈదే ఆ నీలగిరుల నుండే మన ఇంటికి దారి ఉన్నది. 1952లో లేమాన్, కట్‌బుష్ అనే పరిశోధకులు నీలగిరి కొండవాసుల నెత్తురును పరీక్షించి, కొన్ని ఎర్రకణాలు ప్రాణవాయువు తగ్గినప్పుడు కొడవలివలె వంగుతున్నాయని గుర్తించారు. అదే సంవత్సరం అస్సాం తేయాకు తోటల కూలీలలో కూడా ఈ లక్షణం బయటపడినది. సికిల్‌సెల్ అని, కొడవలి కణ వ్యాధి అని మనం ఇప్పుడు పిలుస్తున్నది దీనినే. ప్రపంచంలో దీనిని మొదట వర్ణించినది 1910లో, చికాగో నగరంలో జేమ్స్ హెరిక్ అనే వైద్యుడు. గమనించండి, ఆ మొదటి రోగి గ్రెనడా దీవి నుండి దంతవైద్యం చదువవచ్చిన ఒక విద్యార్థి.

ఈ వ్యాధి ఒడిశా పశ్చిమ, దక్షిణ జిల్లాలలో, మన కొరాపుట్, రాయగడలలో కూడా ఉన్నది. గిరిజనులలో ఉన్నది, గిరిజనేతరులలోను ఉన్నది. ‘అది కొండవారి జబ్బు, మనకు రాదు’ అని మన తెలుగు కుటుంబాలలో వినపడే మాట అజ్ఞానం. ఆ మాట తోటివారిని అవమానిస్తుంది, మన బిడ్డలను ప్రమాదంలో పడవేస్తుంది.

కారణం ఎంత చిన్నదో వినండి. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఈ వ్యాధి హీమోగ్లోబిన్ అణువులోనే ఉన్నదని నిరూపించినది. తరువాత 1950 దశకంలోనే వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా ఎక్కడ ఉన్నదో వెదకి పట్టుకొన్నాడు. బీటా గొలుసులోని 146 అమైనో ఆమ్లాలలో ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసినచోట వేలీన్ ఉన్నది. అంతే! ‘పాలు’ అనే మాటలో దీర్ఘం ఒక్కటి పోతే ‘పలు’ అవుతుంది, అర్థమే మారిపోతుంది. ఇదీ అటువంటిదే. ప్రాణవాయువును విడిచిన పిదప ఈ అణువులు ఒకదానికొకటి అతుక్కొని పొడవాటి దారాలుగా పేరుకొంటాయి. కణం వంగి బిరుసెక్కుతుంది, సన్నని రక్తనాళాలలో ఇరుక్కొంటుంది. అక్కడ భరింపరాని నొప్పి పుడుతుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బ్రతికితే ఈ కణం పది, ఇరవై రోజులలోనే నశిస్తుంది. అందువలన రక్తహీనత కూడా కలుగుతుంది.

ఇందులో ఒక వింత ఉన్నది. పరీక్షనాళికలో ఈ హీమోగ్లోబిన్‌ను చల్లబరిస్తే ఆ దారాలు విడిపోతాయి. అయినా రోగికి చలి శత్రువే. చలికి చర్మం కింది రక్తనాళాలు ముడుచుకొంటాయి, నెత్తురు నడక మందగిస్తుంది, కణాలు ఇరుక్కొంటాయి. దాహం, జ్వరం, మితిమీరిన శ్రమ కూడా ఇటువంటి శత్రువులే.

ఇంత కష్టం కలిగించే లక్షణం తరతరాలుగా ఎందుకు నిలిచినది? తల్లి నుండి గాని తండ్రి నుండి గాని ఒక్కరి నుండి మాత్రమే ఈ లక్షణం వచ్చినవారు సాధారణంగా ఆరోగ్యంగా ఉంటారు. పైగా ప్రాణాంతకమైన మలేరియా నుండి వారికి కొంత రక్షణ లభిస్తుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపించాడు. మలేరియాకు పేరుమోసిన ఈ అడవులలో ఆ లక్షణం మన పెద్దలకు కవచమైనది. ఇద్దరి నుండి వచ్చిన బిడ్డకు మాత్రం అదే శాపంగా పరిణమించినది. దీనిలో ఎవరి పాపమూ లేదు, ఏ దేవత కోపమూ లేదు. ఇక్కడ కూడా నెత్తురుకు, నీటికి మధ్య పొంతన ప్రశ్నే.

ఇప్పుడు నా ఋణం మాట. పాతికేళ్ళు దాటినది. కొరాపుట్ పీఠభూమి మీద ఒక పాఠశాలలో పనిచేస్తూ, వసతిగృహం బాధ్యత కూడా చూస్తుండేదానను. సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, పుష్యమాసపు చలి. ఏడవ తరగతి బాలుడొకడు ఉదయం కుళాయి వద్ద చన్నీటి స్నానం తప్పించుకొని తిరిగేవాడు. డ్రిల్లులో రెండు చుట్లు పరుగెత్తగానే కూలబడేవాడు. ప్రతి పీరియడులోను మంచినీళ్ళకు లేచేవాడు. నేను అతని ప్రగతి పత్రంలో ‘సోమరి’ అని వ్రాశాను. ఒకనాటి ఉదయం నా ఎదుటనే నిలబెట్టి చన్నీళ్ళు పోయించాను. ‘టీచరమ్మా, కాళ్ళు లాగేస్తాయమ్మా’ అన్నాడు. సాకు అనుకొన్నాను. ఆ సాయంత్రం నుండి కాళ్ళు పట్టుకొని ఏడ్చాడు. మరునాడు తండ్రి వచ్చి ఎత్తుకొని తీసుకొనిపోయాడు. తిరిగి రాలేదు.

కొన్ని నెలల తరువాత సంతలో అతని తల్లి కనబడి, కొంగుముడి విప్పి ఆసుపత్రి చీటీ చూపించినది. సికిల్‌సెల్ అని వ్రాసి ఉన్నది. ‘ఆడికి నెత్తుర్లోనే ఉందటమ్మా. చలి తగలనీయొద్దన్నారు, నీళ్ళు బాగా తాగించమన్నారు. మాకేం తెలుసమ్మా, తమరికి మాత్రం ఏం తెలుసు’ అన్నది. ఆమె నన్ను నిందించలేదు. కాని నాకు తెలిసియుండవలసినదే. హీమోగ్లోబిన్ పాఠం అదే సంవత్సరం పై తరగతి పిల్లలకు బొమ్మ గీసి మరీ చెప్పాను. పుస్తకంలోని నెత్తురు నాకు తెలిసినది, ఎదుట నిలిచిన పిల్లవాని నెత్తురు తెలియలేదు. ఆ స్నానమే కారణమని ఏ వైద్యుడూ నాతో అనలేదు. కాదని నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను.

ఆనాటికంటె ఈనాడు దారి మెరుగైనది. 2017లో కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఏర్పడినది. 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం ప్రారంభమైనది. నలభై ఏండ్లలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించడం, 2047 నాటికి ఈ వ్యాధిని తుడిచివేయడం దాని లక్ష్యం. హైడ్రాక్సీయూరియా అనే మందు నొప్పులు వచ్చే సందర్భాలను తగ్గిస్తుంది. రోగులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో రూపొందించిన బృందానికి నాయకుడు మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

తల్లిదండ్రులకు నా మనవి. పాలిపోయిన ప్రతి బిడ్డకు ఇనుము తక్కువని మీరే నిర్ణయించకండి. ముందు రక్తపరీక్ష చేయించండి. కీళ్ళనొప్పులు, కళ్ళు పచ్చబడడం, పసివారికి చేతులు కాళ్ళు వాయడం కనబడితే ఉపేక్షించకండి. వ్యాధి ఉన్న బిడ్డకు జ్వరం వస్తే తెల్లవారేవరకు ఆగకుండా వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళండి. వివాహ విషయంలో కూడా ఆలోచించండి. దంపతులిద్దరికీ ఈ లక్షణం ఉన్నప్పుడు ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు. ఒక్కరికే ఉండి, రెండవవారి హీమోగ్లోబిన్‌లో ఏ లోపమూ లేనప్పుడు బిడ్డకు వ్యాధి రాదు. మనలో మేనరికాలు ఎక్కువ. ఒకే వంశంలో ఒకే లక్షణం ఇద్దరిలోను ఉండే అవకాశం కూడా ఎక్కువే. జాతకాల పొంతన చూసే ముందు నెత్తురు పొంతన చూడండి. అయితే ఆ చీటీని అడ్డం పెట్టుకొని ఏ ఆడపిల్లనూ తక్కువ చేయకండి. లక్షణం మాత్రమే ఉండడం రోగం కాదు.

ఉపాధ్యాయ మిత్రులతో సంప్రదించి ఈ విద్యాసంవత్సరం నుండి మన పాఠశాలలో కొన్ని ఏర్పాట్లు చేస్తున్నాను. తరగతిలో ఏ విద్యార్థి అయినా అనుమతి అడగకుండా నీరు త్రాగవచ్చు. చలికాలంలో ప్రార్థన ఎండపొడ వచ్చిన తరువాతనే జరుగుతుంది, స్వెట్టరు యూనిఫారం రంగులో లేదని ఎవరినీ నిలబెట్టరాదు. డ్రిల్లులో అలసినవారు కూర్చోవచ్చు, కారణం నలుగురిలో అడగరాదు. వ్యాధి ఉన్న బిడ్డ వివరం తల్లిదండ్రులు చెప్పిన పక్షంలో నా బీరువాలో భద్రంగా ఉంటుంది, తరగతి ఉపాధ్యాయునికి తప్ప మరెవరికీ తెలియదు. ‘సోమరి’ అనే మాట ఈ పాఠశాల ప్రగతి పత్రాలలో ఇకమీదట కనబడదు.

పూర్వ విద్యార్థులైన మీలో వైద్యులున్నారు, ప్రయోగశాలలలో పనిచేసేవారున్నారు. ఏటా జూన్ 19వ తేదీ ప్రపంచ సికిల్‌సెల్ దినం. పాఠశాలలు తెరిచే రోజులలోనే వస్తుంది. ఆ వారంలో ఇక్కడ ఒక పరీక్షా శిబిరం నడపడానికి ముందుకు రావలసినదిగా ప్రార్థిస్తున్నాను. ఈ సభ ముగియగానే నా గదిలో ఒక పుస్తకం తెరిచి ఉంచుతాను. సాయం చేయదలచినవారు అందులో పేరు వ్రాయగలరు.

చేప తన నీటిని మార్చుకోలేదు. తరాల తరబడి తన నెత్తురునే మార్చుకొన్నది. మన పిల్లలు తమ నెత్తురును మార్చుకోలేరు. వారు ఈదే నీటిని మార్చడం మన చేతిలో ఉన్నది. పాఠశాల అనేది ఆ నీరే.